చింతపండు కుండలో తంతి

“ఒక్క ఫోను అత్తా. పోస్టాఫీసుకు పొయ్యి మద్రాసుకు ఒక్క ఫోను చేసి, విమానం టైముకే ఎగురుతాదా, ఏమన్నా మార్చినారా అని అడిగేసి వస్తా. అంతే గదా.”

“అంతేనా? లైను కోసరం ఆడ రెండు గంటలు కాసుకోని కూసోవాల. కలిసినాక మూడు నిమిషాలకు ఇంతని పొయ్యాల. టిక్కెట్టు మీద టైము అచ్చేసిండారు గదా. అచ్చేసిండేది మళ్లీ మారతాదా?”

“మారతాదంట అత్తా. మా ఆస్పత్రిలో ఇంతకు ముందు పొయ్యిండే ఆమె చెప్పింది. పోయే ముందు కనుక్కోకుండా పోవద్దు అనింది.”

“బస్సోడు కూడా మారస్తాడు. అట్లని దినామూ బస్టాండుకు ఫోను చేసుకుంటామా? గమ్మునుండు.”

“బస్సు పోతే ఇంకో బస్సు ఉండాది. ఇది పోతే మళ్లీ వారం దాకా లేదు. ఆదివారం లోపల ఆడ చేరకపోతే నా జాగాలో ఇంకొకర్ని పెట్టుకుంటామని కాయితంలో రాసిండారు. నువ్వే గదా మాస్టరు చేత రెండుసార్లు సదివించుకున్నావు!”

“సదివించుకున్నా కాబట్టే చెప్తా ఉండా. మార్పుంటే వాళ్లే చెప్పి పంపిస్తారు.”

“ఎట్ల పంపిస్తారు? మనింట్లో ఫోనుందా? తంతి కొడతామన్నారు. తంతి రాలేదు కాబట్టి మారలేదనే అనుకుంటా ఉండా. అయినా మనసు నిలవక అడగతా ఉండా.”

ఆ మాట విని నేను నోరు మూసుకున్నాను. గెలిచాననుకుంది మా కోడలు. కొంగు దోపుకుని చెప్పుల కోసం వెతికింది. “ఇప్పుడు పొయ్యేటప్పటికి మూసేస్తారు. రేపు పొద్దున్నే చేస్తువులే,” అన్నాను.

ఎందుకంటే తంతి వచ్చింది. సోమవారం పొద్దున వచ్చింది. ఇప్పుడు మంగళవారం సాయంత్రం. వంటింట్లో చింతపండు కుండలో, ముద్దల అడుగున, నేనే దాచిపెట్టాను.

ఇది ఎనభైల మొదట్లో జరిగిన సంగతి. తిరుపతిలో రైల్వే స్టేషన్ వెనక వీధిలో అద్దెకుండేవాళ్లం. నేను, మా అబ్బాయి, కోడలు, నాలుగేళ్ల మనవరాలు. మా అబ్బాయి పనిచేసే బియ్యం మిల్లు మూతపడి ఎనిమిది నెలలయింది. మా కోడలు నర్సు. ఒక చిన్న ఆస్పత్రిలో ఆమెకు వచ్చే జీతంతోనే పొయ్యి వెలిగేది. మస్కట్‌లో పెద్దాసుపత్రికి నర్సులు కావాలంటున్నారని ఆమే ఎక్కడో విని వచ్చి చెప్పింది. చెప్పడమే కానీ పోతానని అనలేదు. పొమ్మన్నది నేను. “బిడ్డను నేను సూసుకుంటా. రెండేండ్లు ఎంతలో పోతాయి?” అన్నాను. ఆమె నా మొహం చూసి, బిడ్డ మొహం చూసి, సరే అంది.

పాసుపోర్టు, సూదులు వేయించుకున్న పచ్చ పుస్తకం, చదువు కాగితాలు, వాటి మీద ముద్రలు. వీటన్నిటికీ ఐదు నెలలు తిరిగారు మొగుడూ పెళ్లాం. పెట్టె ఒకరిని అడిగి తెచ్చాం. ఇరవై కిలోలకు మించి విమానంలో ఎక్కనివ్వరని తెలిసి, వీధి చివరి చిల్లరంగడి త్రాసు మీద పెట్టెను తూయించాను. ఇరవై రెండున్నర తూగింది. నేనే ఇంటికి తెచ్చి విప్పి, బరువు తగ్గించాను. మనవరాలి ఫోటోకు అద్దం, చట్రం పెరికి, ఉత్త ఫోటో చీర మడతలో పెట్టాను. ఊరగాయ జాడీ తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోశాను.

“జాడీ బరువంటివి, ఊరగాయ బరువు గాదా అత్తా?” అంది నవ్వుతూ.

“ఊరగాయ తింటే తగ్గతాది. జాడీ తింటే తగ్గతాదా?” అన్నాను.

అట్లా నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి. చెప్పకపోతే నేను ఎప్పుడూ కరిచేదాన్నే అనుకుంటారు.

విమానం గురువారం తెల్లవారుజామున మద్రాసులో. ఆమె, మద్రాసు దాకా దిగబెట్టడానికి మా అబ్బాయి, బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నర బస్సుకు ఇక్కడ బయలుదేరాలి. దారిలో పుత్తూరులో దిగి, రెండు మైళ్లు లోపలున్న కోడలి పుట్టింటి ఊరికి పోయి, వాళ్ల నాయనను చూసి, సాయంత్రం బస్సుకు మద్రాసు చేరాలి. అదీ వాళ్లు అనుకున్నది. వాళ్ల నాయనకు ఉబ్బసం. తల్లి లేదు. ఈమె ఆయనకు కడగొట్టు బిడ్డ. పుట్టింటికి పోయి రెండు గంటలు కూర్చుని రావాలన్నది ఆమె మనసులో ఎంత పెద్ద కోరికో, నేను ఆడదాన్నే కాబట్టి నాకు తెలుసు. తెలిసి చేశాను కాబట్టే ఇప్పటికీ తలెత్తలేను.

బుధవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. బస్సు పన్నెండున్నరకు. అట్లాంటప్పుడు మాలో పరస్థానం పెడతారు. ముందుగానే ఒక మంచి ఘడియ చూసి, ప్రయాణం పోయేవాళ్ల సామానులో ఒకటి ఇల్లు దాటించి పక్కింట్లో పెడితే, ప్రయాణం ఆ ఘడియలోనే మొదలైనట్టు. సోమవారం రాహుకాలం దాటాక, తొమ్మిదిన్నరకు, పాసుపోర్టూ టిక్కెట్టూ ఉన్న చేతిసంచిని పక్కింటి మాస్టరుగారింటికి పంపించాలనుకున్నాం. ఆయన హైస్కూలులో పనిచేసి మానుకున్నాయన. ఆ వీధిలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా ఆయన దగ్గరికే పోయేది.

మా కోడలు లోపల దేవుడి ముందు సంచికి బొట్టు పెడుతోంది. నేను గుమ్మంలో ఉన్నాను. ఎదురు ఎవరూ రాకుండా చూడడం నా పని. అప్పుడొచ్చింది సైకిలు. తంతి మనిషి దిగి కవరు చేతికిచ్చి, సంతకం పెట్టమన్నాడు. నేను మూడో తరగతి దాకా చదివాను. అప్పటికి ఆ చదువు నాకు అక్కరకొచ్చేది సంతకానికే. పెట్టాను.

“మంచిదా నాయనా, సెడ్డదా?” అన్నాను.

“నాకేం తెలుసు మా? అంటించి ఇచ్చినారు,” అని పోయాడు.

అంతకు ముందు మా ఇంటికి మూడు తంతులొచ్చాయి. మూడూ చావులే. తంతికి ఇంకో పని కూడా ఉంటుందని నాకు తెలియదు. పైగా శనివారం మా కోడలి ఊరి మనిషి ఒకడు బస్టాండులో నాకు కనపడి, ముసలాయనకు ఎగశ్వాస ఎక్కువైందని చెప్పాడు. కవరు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు ఇంకో ఆలోచన రాలేదు. ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి చావు కబురైతే మనిషి వస్తాడు గానీ తంతి ఎవరిస్తారు అని తోచాలి. తోచలేదు.

విన్న దగ్గర్నుంచే మైల అంటారు పెద్దలు. తండ్రి పోతే పెళ్లయిన బిడ్డకు మూడు రోజులు. విననంతవరకు అంటదు. ఈ మూడు రోజుల్లో విమానం పోతుంది. ఇంకో విమానం వచ్చే లోపల ఆదివారం దాటిపోతుంది. ఆమె జాగాలో ఇంకొకరుంటారు. మా అబ్బాయి అరుగు మీద గోళ్లు కొరుక్కుంటూ కూర్చునే ఉంటాడు. ఇదంతా నేను నిలబడి తూచి చూసుకున్నాననుకోకండి. కవరు నా నడుము దగ్గర చీరలోకి పోయాక, ఎందుకు దోపుకున్నానో నాకు నేను చెప్పుకున్న మాటలివి.

లోపలి నుంచి సంచి వచ్చింది. “ఎవరత్తా వచ్చింది?” అంది.

“ఇంటి నంబరు అడిగినాడు ఎవరో. నువ్వు కుడికాలు ముందు పెట్టు,” అన్నాను.

ఆమె కుడికాలు పెట్టి, పక్కింటికి పోయి, సంచి ఇచ్చి వచ్చింది. అంతలోపల నేను కవరును చింతపండులో దాచాను. ఏడాదికి సరిపడా ఎండబెట్టి ఉప్పేసి పెట్టిన కుండ అది. నేను తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు.

ఇదే పని ఒకప్పుడు నాకు జరిగింది. మా ఆడబిడ్డ పెళ్లికి నాలుగు రోజుల ముందు మా అమ్మ పోతే, ఆ కబురు మా అత్త దాచిపెట్టింది. పెళ్లయి, పందిరి తీశాక చెప్పింది. ఆరు రోజులు నేను పసుపు దంచుతూ పాటలు పాడాను. మా అత్తను నేను మనసులో తిట్టని తిట్టు లేదు. ఆమె చచ్చిపోయినప్పుడు కూడా నాకు అదే జ్ఞాపకమొచ్చింది. అయినా చింతపండు ముద్దలు పైకి తీస్తున్నప్పుడు ఆ సంగతి నాకు అడ్డం రాలేదు. మా అత్త చేతులు ఎంత తేలిగ్గా పని చేసి ఉంటాయో, నా చేతులూ అంతే తేలిగ్గా పని చేశాయి.

సోమవారమంతా గుమ్మం వదల్లేదు. వాళ్ల ఊరి నుంచి మనిషి వస్తే వీధిలోనే ఆపెయ్యాలని. ఇంకో చిక్కు మిగిలింది. బుధవారం వాళ్లు పుత్తూరులో దిగితే అంతా బయటపడుతుంది. అందుకని మధ్యాహ్నం అన్నం పెడుతూ మొదలుపెట్టాను.

“పుత్తూరులో దిగొద్దండి. నేరుగా మద్రాసుకు పొండి. టైము సాలదు.”

“రెండు గంటలే గదా అత్తా.”

“బస్సు సెడిపోతే? వాన వస్తే? ఉత్తరం రాస్తే సాలదా?”

“మా నాయనను సూడకుండా ఎట్ల పోతాను?” అని ఆమె ముద్ద ఆపింది. నేను మళ్లీ రాత్రి అదే మాట, మంగళవారం పొద్దున అదే మాట. మా అబ్బాయిని పక్కకు పిలిచి వాడికీ అదే నూరిపోశాను. ఆమె మెత్తబడలేదు.

ఇదంతా అయ్యాక, మంగళవారం సాయంత్రం, ఆ ఫోను మాట దగ్గర ఆమె నోట వచ్చింది: తంతి కొడతామన్నారు.

దీపాలు పెట్టే వేళ. ఆమె బిడ్డకు తల దువ్వడానికి పెరట్లోకి పోయింది. నేను కుండలో చెయ్యి పెట్టాను. కవరు మూల ఒకటి నల్లగా తడిసి ఉంది. కొంగు కింద పెట్టుకుని మాస్టరుగారింటికి పోయాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, చించి, ముందు ఇంగ్లీషులో సన్నగా చదువుకున్నాడు.

“అమ్మా, విమానం ముందుకు జరిపినారంట. గురువారం కాదు. రేపే. బుధవారం పొద్దున పదింటికి. ఏడింటికల్లా విమానాశ్రయంలో ఉండమన్నారు.”

నాకు మొట్టమొదట కలిగింది సంతోషం. ముసలాయన బతికే ఉన్నాడు. ఆ వెంటనే, రేపు ఏడింటికల్లా అన్న మాట తగిలింది.

“ఇప్పుడొచ్చిందా?” అన్నాడు మాస్టరు, ఆ తడిసిన మూల వేళ్లతో తడుముతూ.

“ఊ,” అన్నాను.

ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు. పక్కింటి నుంచి మా ఇంటికి పది అడుగులు. ఆ పది అడుగుల్లో ఇంకో అబద్ధం తయారు చేసుకున్నాను. ఇప్పుడే వచ్చిందమ్మీ, మాస్టరుగారింట్లో ఇచ్చిపోయినాడంట. ఆ మాటే చెప్పి, కాగితం ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చదివింది. గబుక్కున మా అబ్బాయిని పిలిచి, “రేపేనంట! పదింటికి! ఇప్పుడే పోవాల!” అంది. వాడు చొక్కా వేసుకుంటూ లోపలికి పరిగెత్తాడు. ఆమె కూడా కదలబోయి, నిలిచిపోయింది. కాగితాన్ని మళ్లీ చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“సోమారం తేదీ ఉండాది. ఈ సింతపండు వాసనేంది అత్తా?”

ఆమె కళ్లు వంటింటి వైపు పోయి, కుండ మీద నిలిచి, నా దగ్గరికి తిరిగొచ్చాయి.

“సదవను రాకపోతే నన్నడగచ్చు గదా. నేను ఇంట్లోనే ఉండా గదా. ఏమనుకోని దాసినావు?”

“మీ నాయన…” అని ఆగిపోయాను.

“మా నాయన సచ్చిపోయినాడనుకున్నావు,” అంది నిదానంగా. “అనుకోని, నాకు చెప్పకుండా విమానం ఎక్కించాలనుకున్నావు. అందుకేనా పుత్తూరులో దిగొద్దని నిన్నట్నించి పోరతా ఉండావు?”

“మైల అంటాది, ప్రయాణం నిలిచిపోతాది అని…”

“మైల అంటేది నాకు గదా అత్తా. నీకేమి?”

నేను పెరుగన్నం కలపడానికి వంటింటి వైపు తిరిగాను.

మా అబ్బాయి పెట్టె తీసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. “ఏడున్నరకు బస్సుండాది. మాటలన్నీ తర్వాత,” అన్నాడు. వాడికి సగమే వినపడింది.

“మా ఊర్లో దిగితే?” అని అడిగింది ఆమె.

“తొమ్మిదింటికి దిగి, రెండు మైళ్లు నడిసి, మళ్లీ రోడ్డుకొస్తే బస్సు యాడుంటాది? తెల్లారి ఎక్కితే ఏడింటికి ఎట్ల చేరతాము?”

ఆమె లెక్క చూసుకున్నట్టు పెదవులు కదిపింది. నిన్ననే తంతి చేతికొచ్చి ఉంటే, మంగళవారం పొద్దున్నే బయలుదేరి, వాళ్ల నాయన దగ్గర ఒక పూటంతా ఉండి పోయేది. అది నాకు అప్పుడే అర్థమయింది. ఆమెకు నాకంటే ముందే అర్థమయింది. ఏడవలేదు. బిడ్డను ఎత్తుకుని మెడలో మొహం పెట్టుకుని, దించింది. పక్కింటికి పోయి సంచి తెచ్చుకుంది. మంగళవారం ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

నేను పెరుగన్నం పొట్లం కట్టి ఇచ్చాను. తీసుకుంది. తీసుకుని మా అబ్బాయి చేతిలో పెట్టి, “నువ్వు తిను,” అంది. ఊరికి పోయేటప్పుడు ఎప్పుడూ నా కాళ్లకు మొక్కేది. ఆ పూట మాస్టరుగారి భార్య కాళ్లకు మొక్కి, రిక్షా ఎక్కింది. నేను రిక్షా పక్కన నిలబడ్డాను. రిక్షా కదిలేటప్పుడు నా వైపు తిరిగింది.

“మా నాయన రేపు మధ్యాన్నం నుంచి కాసుకోనుంటాడు. ఆయనకు నువ్వే చెప్పు.”

అంతే అంది.

ఆమె రెండేళ్లకు తిరిగి వచ్చింది. వాళ్ల నాయన అంతకు నాలుగు నెలల ముందు పోయాడు. కబురు తెలిసిన గంటలో నేనే మా అబ్బాయిని పోస్టాఫీసుకు తరిమి మస్కట్‌కు తంతి కొట్టించాను. ఒక్క మాట కూడా తగ్గించి రాయొద్దని చెప్పాను. ఆ తంతి ఆమె పెట్టెలో నేను చూశాను. తెచ్చుకుంది. నాతో ఎప్పుడూ దాన్ని గురించి మాట్లాడలేదు. నన్ను అత్తా అనే పిలిచింది, వేళకు మందులిచ్చింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. కానీ ఆ తర్వాత మా ఇంటికి ఉత్తరం వచ్చినా, కవరు వచ్చినా, తనే గుమ్మంలోకి పోయి అందుకునేది.

ఆమె రిక్షా ఎక్కిన మరుసటి రోజు పొద్దున, బుధవారం, నేను మనవరాలిని తీసుకుని మొదటి బస్సుకు పుత్తూరు పోయాను. వియ్యంకుడి ఇంటికి పిలవకుండా పోవడం నాకదే మొదటిసారి. రెండు మైళ్లూ బిడ్డను కొంతసేపు నడిపించి, కొంతసేపు ఎత్తుకుని పోయాను.

ఆయన అరుగు మీద చాప వేసుకుని కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నానికి గదా బిడ్డ వచ్చేది, పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి, మా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని మెడ చాచాడు.

“రామ్మా, రా. పాప యాడ?” కూతుర్ని ఆయన పాపా అనే పిలిచేవాడు.

“పొయ్యిందన్నా. విమానం ముందుకు జరిపినారంట. రాత్రే పోయినారు.”

“అయ్యో. ముందుగా చెప్పకూడదా వాళ్లు?”

“చెప్పినారు. సోమారమే తంతి కొట్టినారు. నేనే దాసిపెట్టినా. నీకేమో అయ్యిందనుకోని దాసిపెట్టినా.”

ఆయనకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. నేను లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగాడు.

“నేను పొయ్యినాననుకుంటివా?” అన్నాడు.

“ఊ.”

ఆయన పక్కనున్న తువ్వాలు మూట విప్పాడు. అందులో చెనక్కాయ ఉండలున్నాయి, పది పన్నెండు. ఒకటి మనవరాలికిచ్చాడు. అది తిని ఇంకోటి అడిగింది, ఇచ్చాడు. నాకొకటి అందించాడు. నేను తీసుకున్నాను గానీ తినలేదు.

“ఎన్ని గంటలకు విమానం?”

“పదింటికి.”

“ఇప్పుడెంత?”

నా దగ్గర గడియారం లేదు. ఎండను చూసి, తొమ్మిదయ్యుంటుందని చెప్పాను. ఆయన తల ఊపాడు. మిగిలిన ఉండలు తువ్వాలులో మళ్లీ కట్టి, బిడ్డ ఒడిలో పెట్టాడు. పదకొండు దాకా ముగ్గురం అరుగు మీదే కూర్చున్నాం. తర్వాత నేను బిడ్డను తీసుకుని రోడ్డుకొచ్చి, పన్నెండున్నరకు వచ్చిన బస్సెక్కాను. సాయంత్రం మా అబ్బాయి మద్రాసు నుంచి వచ్చి, విమానం ఎక్కిందని చెప్పాడు.